హీలియం బిందువులో ప్రోటీన్: అతిశీతల బంధన విధానం

ప్రోటీన్ చేసే పని దాని ఆకృతిపై ఆధారపడి ఉంటుంది. ఆ ఆకృతిని వర్ణపటం ద్వారా గుర్తించడానికి గది ఉష్ణోగ్రత అనుకూలించదు. పెద్ద అణువులోని వేలాది కంపనాలు ఒకదానిపై ఒకటి పడి రేఖలు అలుక్కుపోతాయి. అణువును చల్లబరచాలి. అందుకు ద్రవ హీలియం బిందువును మించిన సాధనం అరుదు. దాని ఉష్ణోగ్రత 0.37 కెల్విన్. లోపల చిక్కిన అణువు వేడిని, బిందువు ఉపరితలం నుండి ఆవిరైపోయే హీలియం పరమాణువులు తమతో తీసుకుపోతాయి. హీలియం పరారుణ కాంతిని శోషించదు గనుక కనిపించే రేఖలు చిక్కిన అణువుకు చెందినవే.

చిన్న అణువులనైతే ఆవిరిగా మార్చి బిందువుల దారిలో ఉంచితే చాలు. ప్రోటీన్ వేడికి ఆవిరి కాదు, విచ్ఛిన్నమవుతుంది. బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హేబర్ సంస్థలో గెర్ట్ ఫాన్ హెల్డెన్, గెరార్డ్ మైయర్ బృందం 2010లో ఈ అడ్డంకిని దాటింది. ప్రోటీన్ ద్రావణాన్ని అధిక విద్యుత్ పీడనంతో తుంపరగా చిమ్మితే, ద్రావణి ఆవిరైపోయి ఆవేశపూరిత అణువులు చెక్కుచెదరకుండా మిగులుతాయి. వాటిలో కావలసిన వాటిని వేరుచేసి, విద్యుత్ క్షేత్రాల మధ్య నిలిపి ఉంచారు. ఆ అమరిక గుండా హీలియం బిందువులను పంపారు.

ఆంగ్లంలో ఈ అమరికకూ, బిందువు చేసే పనికీ ఒకే మాట వాడుతుంటారు. తెలుగులో మొదటిదాన్ని ‘బోను’ అనీ, రెండవదాన్ని ‘ఇముడ్చుకోవడం’ అనీ వేరుచేయడం మేలు. ఎందుకంటే ప్రయోగంలోని చమత్కారమంతా ఆ భేదంలోనే ఉంది. బోనులోని అయాన్‌కు విద్యుత్ అవరోధాన్ని దాటే శక్తి లేదు. బిందువులో ఇమిడినప్పుడు మాత్రం దాటుతుంది. సైటోక్రోమ్-సి ప్రోటీన్ ద్రవ్యరాశి సుమారు 12 వేల పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలు. లక్ష హీలియం పరమాణువులున్న బిందువుది 4 లక్షలు. అంత బరువుతో వేగంగా సాగే బిందువును బోను ఆపలేదు. అందువల్ల బయటికి వచ్చిన ప్రతి అయాన్ బిందువులో ఇమిడినదే, వేరుగా వడపోయనక్కరలేదు.

ఇక ఆకృతి విషయం. తుంపర దశలోనే ప్రోటీన్ తన చుట్టూ ఉన్న నీటిని కోల్పోతుంది. హఠాత్తుగా చల్లబడటం వల్ల, బోనులో ఉండగా ఏ ఆకృతి ఉందో అదే దాదాపుగా గడ్డకడుతుంది. అది కనిష్ఠ శక్తి గల ఆకృతే కావాలన్న నియమం లేదు. కాబట్టి ఈ వర్ణపటం చూపేది నీరు విడిచిన ప్రోటీన్‌నే. కణంలోని ప్రోటీన్‌తో అది ఎంతవరకు సరిపోలుతుందో ఒక్కొక్క అణువుకూ విడిగా నిర్ధారించుకోవలసిందే.