పాత జీపుకు కొత్త ప్రాణము

రాయలసీమ ఎండకు మనుష్యులు కమిలిపోయినను, ఇనుము నిలుచును. కడప, కర్నూలు పల్లెలలో చెట్టుక్రింద మూలబడిన జీపును తుప్పు, సముద్రతీరమందువలె, త్వరగా తినివేయదు. దానికి శత్రువు ధూళి.

1940ల చివర మహీంద్రావారు మనదేశమున కూర్చనారంభించిన విల్లీస్ జీపునకు నూనెగిన్నె గల ఎయిర్ ఫిల్టరుండెడిది. లోనికి వచ్చు గాలిలోని దుమ్ము ఆ నూనెలో చిక్కుకొనును. ఇంటివద్ద మరమ్మతునకు పూనుకొనువారు మొదట దానిని కడిగి, నూనె మార్చి, పిదప కార్బురేటరును, బ్రేకులను చక్కదిద్దవలెను.

ఇక ధర్మసంకటము. రవాణాశాఖ అనుమతితో డీజిలు ఇంజను బిగించినచో ఖర్చు తగ్గును. కాని 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్దమార్పు లేని బండికే ‘వింటేజి’ గుర్తింపు. కనుక పానా పట్టకముందే, బండి కావలెనో, తాతనాటి జీపే కావలెనో నిశ్చయించుకొనుట మేలు.