కోడ్‌లోని కళ: ప్రోగ్రామింగ్ రానివారికీ కనిపించే అందం

కంప్యూటర్ శిక్షణకు సాయం చేసే దాతలు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. పిల్లలు ఏం నేర్చుకున్నారు? ఉద్యోగం వస్తుందా? రెండూ అవసరమైనవే. మూడో ప్రశ్న కూడా అడగాలని మా మనవి: వాళ్లు రాసిన కోడ్ బాగుందా? ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. కోడ్‌లో అందం ఎక్కడ ఉంటుందో తెలిస్తే చాలు.

కోడ్ అంటే కంప్యూటర్ చేయవలసిన పనిని మెట్టు మెట్టుగా రాసి ఇచ్చే ఆదేశాలు. ఈ మెట్ల వరుసనే అల్గారిథం అంటారు. ఆ మాట 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే వచ్చింది. ఆల్జీబ్రా అన్న మాట కూడా ఆయన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచి వచ్చిందే. ఆ గ్రంథంలో చాలా భాగం వీలునామాలు, వారసత్వ వాటాల లెక్కలే. మన ఉదాహరణ కూడా వారసత్వ లెక్కల నుంచే తీసుకుందాం.

ఒక స్త్రీ మరణించింది. ఆమెకు భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు తప్ప వేరే వారసులు లేరు. భర్త వాటా 1/2. అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపి 2/3. ఆరో వంతుల్లో చూస్తే భర్తకు 3, వారికి 4, మొత్తం 7. కానీ ఉన్నవి ఆరే! ఇక్కడ సున్నీ ఉలమాలు ‘ఔల్’ పద్ధతి పాటిస్తారు. ఆస్తిని ఆరుకు బదులు ఏడు భాగాలు చేస్తారు. అప్పులు, వసీయత్ పోగా 7 లక్షల రూపాయలు మిగిలితే భర్తకు 3 లక్షలు, ఒక్కో సోదరికి 2 లక్షలు. ఏ ఒక్కరికో కోత పడదు, అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది.

దీనికి ఇద్దరు విద్యార్థులు ప్రోగ్రాం రాశారనుకుందాం. మొదటి విద్యార్థి ‘భర్త, ఇద్దరు సోదరీమణులు ఉంటే ఇలా, వారితోపాటు తల్లి కూడా ఉంటే ఇలా’ అంటూ ఒక్కో కుటుంబానికి ఒక్కో నియమం రాస్తూ పోతాడు. పేజీలు నిండుతాయి. అతను మరచిపోయిన కుటుంబం ఎదురైతే లెక్క తప్పుతుంది. రెండో విద్యార్థిని ఒకే నియమం రాస్తుంది: ‘భాగాల మొత్తం హారాన్ని మించితే, ఆ మొత్తాన్నే కొత్త హారంగా తీసుకో.’ ఔల్ వర్తించే కుటుంబాలన్నీ ఆ ఒక్క నియమంలో ఇమిడిపోతాయి. ఈనాటి లెక్కకు ఇద్దరి జవాబూ ఒకటే. అయినా విషయం లోతు తెలిసిన బుద్ధి రెండోదానిలోనే కనిపిస్తుంది. కోడ్‌లో అందమంటే అదే.

మంచి దర్జీ కుట్టిన షేర్వానీని తిరగేసి చూస్తే లోపలి కుట్టు కూడా శుభ్రంగా ఉంటుంది. కోడ్ కూడా అంతే. ‘క’, ‘చ’ అని కాక ‘భర్త వాటా’, ‘మొత్తం భాగాలు’ అని పేర్లు పెడితే, రేపు మరొకరు సరిదిద్దవలసి వచ్చినప్పుడు తికమకపడరు. అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తన గ్రంథమాలకు ‘ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ అనే పేరు పెట్టారు. దాని మొదటి సంపుటం 1968లో వచ్చింది. 1974లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పుడు ఆయన ప్రసంగించిన అంశం కూడా ప్రోగ్రామింగ్ అనే కళ గురించే.

ఇది కేవలం ముచ్చట కాదు. ఫత్వా ఇవ్వవలసింది ఉలమాలే, ప్రోగ్రాం లెక్క మాత్రమే చేస్తుంది. ఆ లెక్క తప్పితే ఒక వితంతువు హక్కు, ఒక యతీము స్కాలర్‌షిప్పు చేజారవచ్చు. అందుకే శుభ్రమైన కోడ్ ఒక అమానత్.

ఈసారి శిక్షణ తరగతికి వచ్చినప్పుడు ఒక బిడ్డ పక్కన కూర్చోండి. ‘ఇది ఏం చేస్తుంది? ఇలాగే ఎందుకు రాశావు? ఇంకా తక్కువలో రాయగలవా?’ అని అడగండి. తడబడకుండా మన మాటల్లో చెప్పగలిగితే, మీరిచ్చిన సొమ్ము సర్టిఫికెట్టు కంటే విలువైనదాన్ని తయారుచేసిందని నమ్మవచ్చు. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, ఆమీన్.