తుపాకీ టార్చికి ఎంత వెలుగు కావాలి?

అమెరికాలో ఇంటి రక్షణకని పిస్తోలు కొన్నవాళ్లు చాలామంది, ఆ వెంటనే దాని గొట్టం కింద బిగించే ఎల్ఈడీ టార్చి కోసం చూస్తారు. పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించేది లూమెన్ల అంకె. టార్చి నుంచి వెలువడే మొత్తం వెలుగు ఎంతో లూమెన్లు చెబుతాయి, అంతే. ఆ వెలుగు ఒకే దిక్కున ఎంత తీవ్రంగా పడుతుందో చెప్పేది క్యాండెలా. షూర్‌ఫైర్ కంపెనీ టార్చి ఎక్స్300 అల్ట్రాకు 1000 లూమెన్లు, 11,300 క్యాండెలాలు. అదే కంపెనీ టర్బో రకానికి లూమెన్లు 650 మాత్రమే, క్యాండెలాలు 66,000. వెలుగు 0.25 లక్స్‌కు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల స్థాయికి, తగ్గేచోటును టార్చి అందుకునే దూరంగా లెక్కిస్తారు. ఆ లెక్కన మొదటిది 213 మీటర్లు, రెండోది 514 మీటర్లు. మొత్తం వెలుగు తగ్గినా దూరం రెట్టింపు దాటింది. అయితే వెన్నెలపాటి వెలుగులో మనిషిని ఆనవాలు పట్టలేం కాబట్టి నిజంగా పనికొచ్చే దూరం ఇందులో కొంతే.

పొలంలోనో, ఆరుబయటో అయితే క్యాండెలాలకే నా ఓటు. ఇంట్లో గది పొడవు పది మీటర్లు ఉంటే గొప్ప. అక్కడ సన్నటి కిరణం ఎదుటి మనిషి ఛాతీ మీద పడి, చేతుల్లో ఏముందో చీకట్లోనే వదిలేయవచ్చు. నడిమి కిరణం చుట్టూ పరుచుకునే వెలుగు బాగా ఉన్న టార్చి అయితే, గొట్టాన్ని నేలకు దించి ఉంచినా నేల మీద పడి తిరిగివచ్చే కాంతితో గది కనిపిస్తుంది. నా దృష్టిలో ఎంపికకు అసలు గీటురాయి ఇదే. ఎందుకంటే తుపాకీకి బిగించిన టార్చి ఎటు చూస్తే గొట్టమూ అటే చూస్తుంది. అర్ధరాత్రి వంటింట్లో చప్పుడు చేసింది మంచినీళ్ల కోసం లేచిన పిల్లవాడే కావచ్చు. కళ్లు బైర్లు కమ్మితే దుండగుడు ఆగిపోతాడుగా, వెలుగు ఎంత ఎక్కువైతే అంత మేలు కదా అనేవాళ్లున్నారు. జిగేలుమనడం నిజమే. తెల్లటి గోడ మీద పడి అదే వెలుగు పట్టుకున్నవాడి కళ్లలోకీ కొడుతుంది.

అలాంటప్పుడు చేతి టార్చి చాలదా? ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో పిస్తోలు పట్టుకుంటే గురి నిలవదు, తలుపు తీయడానికి చెయ్యి మిగలదు. అందుకే బిగించే టార్చి పుట్టింది. కానీ వెతకడం చేతి టార్చి పనే. రెండూ ఉండాలి.

మీట విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ట్రిగ్గర్ లాగే వేలితో టార్చి వెలిగించే అలవాటు ప్రమాదం. పిడి మీద ఒత్తిడి మీట నొక్కబోయి తుపాకీ పేలిన సంఘటనలు అమెరికా పోలీసుల్లోనే జరిగాయి. రెండో చేతి బొటనవేలికి అందే మీటే మేలు. బ్యాటరీ మార్చాలంటే చెయ్యి గొట్టం ముందుకు వెళ్లక తప్పని నమూనాలూ ఉన్నాయి. వాటిని పక్కన పెట్టడమే మంచిది. ఏది కొన్నా, తూటాలన్నీ తీసేసి, తుపాకీ ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసుకున్నాకే టార్చి బిగించాలి, విప్పాలి.