మీకు తెలుసా? కళ్లజోడు లేని 3డి గుట్టు ఊచల గేటులో ఉంది

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఏ ఊచల గేటు ముందైనా ఒక్క నిమిషం ఆగండి. లోపల నిలిపిన లారీ నంబరు ప్లేటు వైపు చూస్తూ ఒక కన్ను మూయండి. తర్వాత అది తెరిచి రెండోది మూయండి. ఇందాక ఊచ చాటున దాక్కున్న అంకె ఇప్పుడు బయటికొస్తుంది. అప్పటిదాకా కనిపించిన అంకె చాటుకు పోతుంది. మీరు కదల్లేదు, లారీ కదల్లేదు. కళ్లజోడు లేకుండా ఫోన్ తెర మీద బొమ్మకు లోతు తెప్పించే కిటుకు అచ్చంగా ఇదే!

మన కళ్ల మధ్య ఎడం దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువు రెండు కళ్లకూ కాస్త తేడాగా కనిపిస్తుంది, ఆ తేడాను బట్టి మెదడు దూరం లెక్కకడుతుంది. సినిమాహాల్లో ఇచ్చే కళ్లజోడు ఏ కంటి బొమ్మను ఆ కంటికి పంచుతుంది. 3డి ఫోన్‌లో ఆ పంపకం తెరే చూసుకుంటుంది. చుక్కల (పిక్సెళ్ల) వరసల్లో ఒకటి ఎడమ కంటికి, దాని పక్కది కుడి కంటికి. మధ్యలో గేటు ఊచల్లా సన్నటి నిలువు చారలు అడ్డుపడి, ఒక కంటి వరసను రెండో కంటికి కనపడనివ్వవు. ఆ చారలు కూడా తెరలాగే ద్రవస్ఫటికంతో (లిక్విడ్ క్రిస్టల్) చేసినవే కాబట్టి, అక్కర్లేనప్పుడు మాయం చేసి మామూలు తెరగా వాడుకోవచ్చు.

ఈ ఊహ ఫోన్ల కాలంలో పుట్టింది కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ ఐవ్స్ 1903లోనే ఫొటోల కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఫోన్లోకి రావడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది. జపాన్‌లో షార్ప్ కంపెనీ 2002లో ఇలాంటి ఫోన్ తెచ్చింది. 2011లో ఎల్‌జీ ఆప్టిమస్ 3డి, హెచ్‌టీసీ ఈవో 3డి, ఆటల కోసం నింటెండో 3డీఎస్ వచ్చాయి.

మరి ఇవాళ మన జేబుల్లో ఎందుకు లేవు? చారలు వెలుగును మింగేస్తాయి, తెర మసకబారుతుంది. చుక్కలు రెండు కళ్లకూ పంచాల్సి రావడంతో బొమ్మ పదును తగ్గుతుంది. నింటెండో తెరకు అడ్డంగా 800 చుక్కలుంటే ఒక్కో కంటికి దక్కేవి 400. తల కాస్త పక్కకు జరిగితే ఎడమ కంటి బొమ్మ కుడి కంటికి చేరి, ముందున్నది వెనక్కీ వెనకున్నది ముందుకీ తారుమారవుతుంది. 2014లో వచ్చిన కొత్త నింటెండో ముఖాన్ని కెమెరాతో కనిపెట్టి, దానికి తగ్గట్టు బొమ్మను సరిచేసుకునేది. పైగా ఆరేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు 3డి చూపించొద్దని ఆ కంపెనీయే హెచ్చరించింది. ఎదుగుతున్న కళ్ల విషయంలో ఆ జాగ్రత్త పాటించాల్సిందే.

దీనికి చెల్లెలి వరసయ్యేది మన జాతర అంగళ్లలోనే దొరుకుతుంది. ఇటు వంచితే శివుడు, అటు వంచితే పార్వతి కనిపించే గీతల బొమ్మ! అందులో ఊచల బదులు సన్నటి ప్లాస్టిక్ కటకాలు వరసగా ఉంటాయి. అవి వెలుగును ఆపకుండా దారి మళ్లిస్తాయి. ఈసారి శివరాత్రికి బీరంగూడ గుట్టకు వెళ్లినప్పుడు అలాంటి బొమ్మ దొరికితే గోరుతో గీసి చూడండి, గరగరమంటుంది. దేవుడు మారే బొమ్మలో గీతలు ఎక్కువగా అడ్డంగా ఉంటాయి, లోతు కనిపించే బొమ్మలో తప్పకుండా నిలువుగా ఉంటాయి. మన కళ్లు పక్కపక్కన ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి లేవు కదా!