కణములలో నిద్రించు వైరస్‌లు

వైరస్ ప్రవేశించిన ప్రతి కణమును వెంటనే నాశనము చేయుననుకొనుట పొరపాటు. కొన్ని వైరస్‌లు తమ జన్యుపదార్థమును కణముయొక్క డి.ఎన్.ఏ.లో చేర్చి, చిరకాలము నిద్రాణస్థితిలో ఉండును. 1950లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థయందు ఆంద్రే ల్వోఫ్, ఆయన సహచరులు ఇట్టి వైరస్‌ను దాచుకొనిన బాక్టీరియాపై అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసిరి. కొంతసేపు బాక్టీరియా మామూలుగానే పెరిగెను. పిమ్మట పగిలిపోయి వైరస్‌లను వెలువరించెను. డి.ఎన్.ఏ. దెబ్బతినినప్పుడు, వైరస్‌ను అణచియుంచు ప్రోటీను తెగిపోవునని ఈ. కోలై బాక్టీరియాపై తరువాత జరిగిన పరిశోధనలు తెలిపినవి.

మానవకణములలో ఏర్పాటు మరింత జటిలము. ఒక్కొక్క కణములోని డి.ఎన్.ఏ. పొడవు సుమారు 2 మీటర్లు. అది సూక్ష్మమైన కేంద్రకములో ఇముడుటకై, కండెకు దారము చుట్టినట్లు, హిస్టోనులనెడి ప్రోటీనులపై చుట్టుకొనియుండును. ఈ అమరికయే క్రొమాటిన్. డి.ఎన్.ఏ.కు ఋణావేశము, హిస్టోనులకు ధనావేశము ఉండుటచే రెండును గట్టిగా పట్టుకొనును. చుట్టు బిగుతుగా ఉన్నచోట జన్యుసందేశమును నకలు తీయు ఎంజైములకు తావు దొరకదు. హిస్టోనుల తోకలకు ఎసిటైల్ సమూహములు చేరినచో ధనావేశము తగ్గి చుట్టు వదులగును; అవి తొలగినచో మరల బిగియును. డి.ఎన్.ఏ.లోని సైటొసీన్‌కు మిథైల్ సమూహము చేరినను జన్యువు సాధారణముగా మౌనము వహించును.

ఎయిడ్స్‌కు కారణమగు హెచ్.ఐ.వి. ఈ ఏర్పాటు చాటుననే కొన్ని తెల్ల రక్తకణములలో దాగియుండును. మందులు వైరస్ వృద్ధిని అరికట్టును గాని, నిద్రించు వైరస్‌ను తాకజాలవు. ఆ కణము ఉత్తేజము పొందినప్పుడు హిస్టోనులకు ఎసిటైల్ సమూహములు చేరి, వైరస్ మేల్కొనును. అందుచేతనే మందులు మానిన కొద్దివారములలో వ్యాధి సాధారణముగా తిరుగబెట్టును. రోగి జీవితాంతము మందు వాడవలసియున్నది.

అట్లయిన, మందుల రక్షణలో ఉండగానే వైరస్‌ను బుద్ధిపూర్వకముగా లేపి, ఆ కణములను నిర్మూలించరాదా? 2012లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగములో 8 మంది రోగులకు, ఎసిటైల్ సమూహములను తొలగించు ఎంజైములను అడ్డగించు వొరినోస్టాట్ అను మందు నిచ్చిరి. నిద్రాణకణములలో వైరస్ ఆర్.ఎన్.ఏ. సగటున 4.8 రెట్లు పెరిగెను. వైరస్ కదలెను గాని, తరువాతి ప్రయోగములలోను ఈ మందువలన దాగియున్న కణముల సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు. లేపుట ఒక పని, తుదముట్టించుట వేరొక పని. కొందరు శాస్త్రజ్ఞులు ఇందుకు భిన్నముగా, క్రొమాటిన్‌ను మరింత బిగించి వైరస్‌ను శాశ్వతముగా నిద్రలోనే ఉంచు మార్గమును వెదకుచున్నారు. ఏ మార్గము ఫలించినను, రోగికి నిత్యౌషధసేవ తప్పును.