ముందు నకలు, పిదప మరమ్మతు

మిర్యాలగూడ బియ్యపు మిల్లుల జమాఖర్చులును, కోదాడ దుకాణముల సరకు పట్టికలును, సూర్యాపేట ఫోటో స్టూడియోలలోని పెండ్లి చిత్రములును ఒకప్పుడు ఖాతా పుస్తకములలోను ఆల్బములలోను ఉండెడివి. నేడవి యన్నియు, అరచేతి పాటి హార్డ్ డిస్కులో నిమిషమునకు 5400 సార్లో 7200 సార్లో తిరుగు పలకలపై, అయస్కాంత చిహ్నములై నిలిచియున్నవి. ఆ పలకలపై నొకచోట చదువుట సాధ్యపడనప్పుడు, రిపేరు దుకాణపు కుర్రవాడు "అన్నా, బ్యాడ్ సెక్టార్లు వచ్చినయి, ఫార్మాట్ కొట్టాలె" అనును. ఆ మాటకు వెంటనే తల యూపరాదు.

డిస్కు తన స్థలమును చిన్న గడులుగా విభజించుకొనును, వానినే సెక్టార్లందురు. పూర్వపు డిస్కులలో గడికి 512 బైట్లు. 2010 ప్రాంతము నుండి వచ్చినవానిలో పెక్కింట 4096. ప్రతి గడిలోను సమాచారముతో పాటు, చిన్న పొరపాట్లను దిద్దుకొనుటకు తోడ్పడు సంకేతమొకటి వ్రాయబడియుండును. దాని సాయముతోను దిద్దుబాటు కుదరనినాడే ఆ గడి చెడినదని డిస్కు తీర్మానించును. సాగరు ఎడమ కాలువ క్రింది రైతు చౌడు పట్టిన మడిని విడిచి మంచి మడిలో నారు పోసినట్లు, డిస్కు కూడ ముందే దాచియుంచుకొన్న అదనపు గడిని చెడినదాని స్థానమున నియమించుకొనును. అయితే చదువరాని గడిలో మన ఫైలు భాగమున్నయెడల దానిని మార్చుటకు సాహసింపక, మరల వ్రాయువరకు పెండింగులో నుంచును.

చెడుట యన్నియు నొకతీరు కాదు. వ్రాయుచుండగా కరెంటు పోయినచో సమాచారమునకును సంకేతమునకును పొత్తు కుదరదు. పలకకు గాయము లేదు గనుక మరల వ్రాసిన బాగుపడును. యూపీఎస్ యుండిన ఈ బాధ చాలవరకు తప్పును. చదువు తల పలకను తాకి గీచినదైన చెడుగు మాత్రము వ్యాపించును. ఆ తల పలకపై కేవలము కొన్ని నానోమీటర్ల యెత్తున తేలుచుండును; మిల్లు గదిలోని తవుడు ధూళి కణము అంతకు ఎన్నో రెట్లు పెద్దది. కనుక డిస్కు మూతను ఎవరు విప్పబోయినను చేయి పట్టుకొని ఆపుడు.

గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన పత్రములో, ఉపరితల తనిఖీయందు మొదటి లోపము కనబడిన డిస్కు తరువాతి 60 దినములలో పాడగు అవకాశము, అట్టి లోపము లేనిదానికన్న 39 రెట్లు అధికమని తేల్చిరి. అందుచేత మొదటి లోపము కనబడిన గడియనుండి ఆ డిస్కుపై క్రొత్తగా నేమియు వ్రాయక, తిరిగి సంపాదింపరాని ఫైళ్లను ముందుగా వేరొక డిస్కునకు ఎత్తుకొనవలెను. పిదప డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనముతో మొత్తమునకు నకలు తీయవలెను. అది చదువ వీలైన భాగములను మొదట గ్రహించి, మొండికేసిన గడుల యొద్దకు తరువాత మరలివచ్చును. విండోస్‌లో మరమ్మతుకై నడుపు చెక్‌డిస్క్ ఆదేశము ఇందుకు భిన్నము: డిస్కంతయు వెదకుచు నలిగిన తలను ఇంకను శ్రమపెట్టుటే కాక, ఫైళ్ల పట్టికను సైతము మార్చివేయును, నకలు చేతికందిన పిమ్మటనే దాని పని. టక్ టక్ మను శబ్దము వినబడినచో ఏ సాధనమును నడుపక, వెంటనే కరెంటు తీసి, ధూళిరహితమైన గది గల నిపుణులకు అప్పగింపవలెను.

నకలు భద్రమైన పిమ్మట ఫార్మాట్ చేసినను భయము లేదు. డిస్కు తన యారోగ్యమును తానే లెక్కించుకొను స్మార్ట్ పట్టికలో, పెండింగు సంఖ్య సున్నకు దిగి, మార్చిన గడుల సంఖ్య కొన్ని వారములు పెరుగక నిలిచినచో సినిమాలకో పాటలకో వాడుకొనవచ్చును. మిల్లు లెక్కలకు మాత్రము క్రొత్తది కొనవలెను.