కింది మాట కూడా చదవాలి

తెల్లవారకముందే మగ్గాల చప్పుడుతో మేలుకునే పేట మా నీలం నగర్. సోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు వైపు, ఎం.ఐ.డి.సి. దగ్గర ఉంటుంది. ఒక ఇంట్లో టవల్ మగ్గం ఆడుతుంటే పక్కింటి అరుగు మీద ఆడవాళ్లు చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు. 1877లో ఈ ఊళ్లో పెద్ద బట్టల మిల్లు పని మొదలుపెట్టిన తర్వాత తెలంగాణ పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని ఇక్కడికి వచ్చాయి. మా తాతలూ అలా వచ్చినవారే. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. మగ్గం మాత్రం మమ్మల్ని వదలలేదు.

మా తాతగారి కాలం నుంచి మాది క్రైస్తవ కుటుంబం. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ మహాముని రథం కదిలితే మేమూ వీధి మొగలో నిలబడి చూస్తాం. క్రిస్మస్‌కు మా ఇంటి కజ్జికాయలు వీధంతా తింటుంది. ఇంట్లో భక్తి, పిల్లల పెంపకం గురించి నాలుగు మాటలు రాయమని సంఘం మిత్రులు అడిగితే మొదట వెనకాడాను. నేను పాస్టరును కాను, మాస్టరును కాను. ముప్పై అయిదేళ్లు టవల్ మగ్గం నడిపినవాణ్ణి. అయినా ఒక సంగతి నాకు తెలుసు. అది పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. మా ఇంట్లో, నా తప్పు వల్ల నేర్చుకున్నది. అదే రాస్తున్నాను.

పోయిన నాలుగు వందలు

ఇది 2005 నాటి మాట. మహారాష్ట్రలో లోడ్‌షెడింగ్ మరీ ఎక్కువగా ఉన్న రోజులు. కరెంటు పోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పగారు తగ్గుతుంది. పగారు తగ్గితే ఇంట్లో మాటలు పెరుగుతాయి. ఆ వారం చేతికొచ్చిన దాంట్లోంచి భిశీకి (మీరు చీటీ అంటారు) కట్టడానికి నాలుగు వందలు విడిగా తీసి గూట్లో పెట్టాను. రాత్రి పాళీ చేసి వచ్చి నిద్ర కళ్లతో పెట్టాను. మర్నాడు చూస్తే లేవు.

మా పెద్దవాడికి అప్పుడు పన్నెండేళ్లు. అంతకు ముందు సంవత్సరం సంక్రాంతికి, సిద్ధేశ్వరుని జాతరలో రంగులరాట్నం ఎక్కడానికి నా జేబులోంచి పది రూపాయలు చెప్పకుండా తీశాడు. ఆ సంగతి నా మనసులో అలాగే ఉంది. ఇంకేమీ ఆలోచించలేదు. బడి నుంచి వచ్చి సంచి కూడా దించకముందే వాణ్ణి గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

“పైసలు ఏం చేసినవురా?”

“నేను తియ్యలె నాయినా.”

“పోయినేడు ఎవరు తీసిండ్రు?”

దానికి వాడి దగ్గర జవాబు లేదు. పోయినేడు తీసింది వాడే కదా! జవాబు లేకపోవడమే నాకు సాక్ష్యమయింది. కొట్టాను. వీధిలో ఇద్దరు ముగ్గురు చూస్తుండగా కొట్టాను. వాడు ఏడవలేదు. నా ముఖం వంక ఒకసారి చూసి, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు.

ఆ రాత్రి కూడా కుటుంబ ప్రార్థన మానలేదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి పాడాం. నేనే బైబిలు చదివాను, నేనే ప్రార్థన చేశాను. మా అప్పులు క్షమించమని అడిగే ప్రభువు ప్రార్థన కూడా చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పక్కనే గోడవైపు తిరిగి పడుకున్న పిల్లవాడికి ఆ మాటలన్నీ వినబడుతూనే ఉంటాయి.

కందిలి వెలుగులో

మరుసటి రోజు సాయంత్రం మళ్లీ కరెంటు పోయింది. నా భార్య కందిలి ముట్టించి, గూట్లో పరిచిన పాత కాగితాలు తీసి, కింద ఉన్న ట్రంకు పెట్టె జరిపి చీపురుతో ఊడ్చింది. పెట్టె వెనకాల గోడ వారన నాలుగు నోట్లు మడత మడతగానే పడి ఉన్నాయి. నిద్ర మత్తులో నేను అంచున పెడితే జారిపోయాయి. ఎవరూ తీయలేదు.

లూకా సువార్తలో ఒక స్త్రీ కథ ఉంది. పది వెండి నాణేలలో ఒకటి పోతే ఆమె దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేదాకా వెతికిందని ప్రభువు చెప్పాడు. ఆ కథ చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నాను. అందులో ఒక విషయం మాత్రం ఆ రోజే నా కళ్లకు కనిపించింది. ఆమె ఎవరినీ నిందించలేదు. ఇంట్లో వాళ్లను నిలదీయలేదు, ఇరుగుపొరుగును అనుమానించలేదు. ముందు దీపం వెలిగించింది. దొరికాక ఇరుగుపొరుగును పిలిచింది, అదీ సంతోషం పంచుకోవడానికి. నా ఇంట్లో ఇదంతా తిరగబడింది. ఇరుగుపొరుగు ముందు నా కొడుకును దొంగను చేశాను. దీపం వెలిగించి వెతికింది నా భార్య.

అయితే తప్పు తెలిసిన వెంటనే నేను మారిపోయానని అనుకోకండి. తండ్రినన్న పెద్దరికం అడ్డొచ్చింది. పన్నెండేళ్ల పిల్లవాడి ముందు తల వంచడమా అనిపించింది. బజారుకు పోయి పావు కిలో జిలేబీ తెచ్చి వాడి ముందు పెట్టాను. చెల్లెలు తిన్నది. వాడు ముట్టలేదు.

నా భార్య బీడీలు కట్ట కడుతూ, తల ఎత్తకుండానే అన్నది: “జిలేబీ పెడితే అన్న మాట వాపసు వస్తదా?”

కింది మాట

ఆ ఆదివారం మా చిన్న పిల్ల సండేస్కూలు కంఠత వాక్యం అప్పజెబుతున్నది. పిల్లలు తల్లిదండ్రులకు విధేయులై ఉండాలని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉన్న మాట. నాకు చాలా ఇష్టమైన మాట. ఏ తండ్రికి కాదు? “శభాష్ బిడ్డా!” అన్నాను.

నా భార్య వెంటనే, “దాని కింది మాట కూడా చదువు బిడ్డా,” అన్నది.

పిల్ల వేలు పెట్టుకుంటూ కిందికి చదువుకుంటూ పోయింది. తల్లిని తండ్రిని గౌరవించడం గురించి చదివింది. ఆ తర్వాత తండ్రులకు చెప్పిన మాట వచ్చింది. పిల్లల మనసు రగిలేటట్లు నడుచుకోవద్దని పౌలు తండ్రులను హెచ్చరించాడు. కొలొస్సయులకు రాసిన పత్రికలోనూ ఇదే చెప్పి, అలా చేస్తే పిల్లల గుండె దిగజారిపోతుందని కారణం కూడా రాశాడు. పైమాట నాకు కంఠతా వచ్చు. ఎన్నోసార్లు పిల్లల ముందు వాడుకున్నాను. కింది మాట మీద ఎప్పుడూ వేలు పెట్టలేదు.

మా వృత్తివాళ్లకు ఒకటి తెలుసు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపాలి. తెగిన కొన వెతికి, ముడివేసి, అచ్చులోంచి లాగి, అప్పుడు మళ్లీ నడపాలి. ‘ఒక్క పోగే కదా’ అని ఆపకుండా నడిపితే బట్ట పొడవునా గీత పడుతుంది. ఎంత నేస్తే గీత అంత పొడవు. నేను మూడు రోజులుగా తెగిన పోగుతోనే మగ్గం నడుపుతున్నాను.

ఆ రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు పుస్తకం తెరవలేదు. కొట్టినప్పుడు చూసిన పొరుగింటి అన్నను కూడా పిలిచి కూర్చోబెట్టాను. కొట్టింది నలుగురిలో కదా, క్షమాపణ మాత్రం చాటుగా ఎలా చెబుతాను? “పైసలు నువ్వు తియ్యలే. తప్పు నాది. నీ మాట నమ్మకుండ కొట్టిన. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా,” అన్నాను. ఇంతే. ఈ నాలుగు మాటలు అనడానికి గొంతు ఎన్నిసార్లు పట్టుకుందో నాకే తెలుసు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అన్నం తిందాం నాయినా,” అన్నాడు.

తప్పిపోయిన కుమారుడి ఉపమానం మీ అందరూ వినే ఉంటారు. ఆస్తి పంచుకొని పోయిన కొడుకు చితికిపోయి తిరిగి వస్తుంటే, తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తుకుంటూ పోయి కౌగిలించుకుంటాడు. ఇన్నాళ్లూ ఆ కథ విన్నప్పుడల్లా నన్ను నేను ఆ తండ్రి స్థానంలో పెట్టుకునేవాణ్ణి. ఆ రాత్రి మా ఇంట్లో తప్పిపోయినవాడు తండ్రి. తిరిగి వస్తే లోపలికి పిలిచి అన్నం పెట్టినవాడు కొడుకు. దేవుని క్షమ ఎలా ఉంటుందో నాకు పన్నెండేళ్ల పిల్లవాడు చూపించాడు.

ఏటేటా కొత్త కొలత

సమూయేలు గ్రంథంలో హన్నా అనే తల్లి ఉంది. మొక్కుకొని కన్న కొడుకును షిలోహులోని దేవుని మందిరంలో విడిచిపెట్టింది. ఏటేటా బలి అర్పించడానికి భర్తతో పోయినప్పుడు వాడికొక చిన్న అంగీ కుట్టి తీసుకుపోయేది. బట్ట పని చేసేవాణ్ణి గనుక ఆ అంగీ మీద నాకు మొదటి నుంచీ ధ్యాస. ఏడాదికొకసారి చూసే పిల్లవాడికి ఆమె కొలత ఎలా తీసేది? నిరుటి కొలతకు కుడితే పొట్టి అవుతుంది కదా! పిల్లవాడు ఎంత పెరిగి ఉంటాడో మనసులో ఊహించుకొని కుట్టి ఉంటుంది. దూరాన ఉన్న తల్లికి పిల్లవాడు పెరిగాడన్న నమ్మకం ఉంది. ఒకే ఇంట్లో ఉండి కూడా నేను నా కొడుకుకు నిరుటి అంగీయే తొడిగాను. నిరుడు పది రూపాయలు తీశాడు గనుక ఈ ఏడు నాలుగు వందలు తీశాడన్నాను. వాడు ఆ ఏడాదిలో ఎంత ఎదిగాడో చూడలేదు.

దేవుడు మన నిరుటి తప్పుల కొలత ఉంచుకొని ఈ ఏడు అంగీ కుడితే మనలో ఎవరికి పడుతుంది?

దాచుకోని ఇల్లు

ఇలాంటి ఇంటి సంగతి పత్రికలో రాయవచ్చునా అని మా బంధువు ఒకరు అడిగారు. మేం మరాఠీ బడిలో చదువుకున్నవాళ్లం గనుక లక్ష్మీబాయి తిలక్ గారి ‘స్మృతిచిత్రే’ మాకు తెలుసు. ఆమె భర్త నారాయణ్ వామన్ తిలక్ (1861-1919) మరాఠీలో గొప్ప పేరున్న క్రైస్తవ కవి. 1895లో ఆయన బాప్తిస్మం పొందినప్పుడు ఆ దంపతులు కొన్నేళ్లు వేరుగా ఉండవలసి వచ్చింది. తర్వాత కలిశారు. 1900లో ఆమె కూడా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఇంట్లో ప్రేమా ఉంది, పోట్లాటా ఉంది. ఆయన కోపం, ఇల్లు ఖాళీ అయ్యేటట్లు చేసే దానం, తన అమాయకత్వం, అన్నీ ఆమె దాచకుండా నవ్వుతూ చెప్పారు. చదివినవాళ్లకు ఆ కుటుంబం మీద గౌరవం పెరిగిందే కాని తగ్గలేదు. భక్తి గల ఇల్లంటే తప్పు జరగని ఇల్లు కాదని, జరిగిన తప్పు ఒప్పుకునే ఇల్లని ఆ పుస్తకం వల్ల నాకు ధైర్యం కలిగింది.

ఇప్పుడు మా అబ్బాయికి ముప్పై దాటాయి. పుణేలో ఉద్యోగం. మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అడిగాను, “ఆ నాలుగు వందల సంగతి యాదికున్నదా?” అని. “కొట్టింది యాదికున్నది నాయినా. మాఫ్ అడిగింది కూడా యాదికున్నది,” అన్నాడు. మరచిపోయానంటాడేమో అనుకున్నాను. అనలేదు. ముడివేసిన పోగు అంతే. వేలుతో తడిమితే ముడి తగులుతూనే ఉంటుంది. కాని బట్టలో గీత పడదు.

తండ్రులారా, తల్లులారా! మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, మీ గ్రంథంలో పిల్లలకు చెప్పిన మాటతో పాటు పెద్దలకు చెప్పిన మాట కూడా వెతకండి. పిల్లల చేత పైమాట చదివించే ముందు ఒకసారి కింది మాట మీద మన వేలు పెట్టుకుందాం. తప్పు చేసిన రోజున జిలేబీ కొనడానికి బజారుకు పోనవసరం లేదు. మగ్గం ఆపి, పిల్లవాడి పక్కన కూర్చుంటే చాలు.